దరువు ఒకటే, నేల వేరు

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం గురించి వ్రాయబోతున్నానంటే సాహితీమిత్రులు కొందరు ముఖం చిట్లించవచ్చు. కథలూ కవిత్వమూ ముచ్చటించుకొనే చోట ఈ డబ్బాల మోత ఎందుకని అడగవచ్చు. అనంతపురం, కదిరి, ధర్మవరం దారులు కలిసే బత్తలపల్లె మాది. వాన చప్పుడు కంటె తప్పెట చప్పుడే ఎక్కువగా విని పెరిగినవాణ్ణి. ఉద్యోగరీత్యా షికాగోలో రెండేళ్ళు, మాంచెస్టరులో ఏడాదిన్నర గడిపాను. రెండు నగరాల్లోనూ విన్న దరువు ఒకటే. అది నిలబడిన నేల మాత్రం ఒకటి కాదు.

అమెరికాలో ఈ సంగీతం తలదాచుకొనే చోట పుట్టింది. 1977లో షికాగోలో తెరిచిన 'వేర్‌హౌస్' క్లబ్బుకు వచ్చేవారిలో అధికులు నల్లజాతివారు, లాటినోలు, వారిలోనూ స్వలింగ ప్రేమికులు. పగలంతా లోకం మొగం తిప్పుకొన్న మనుషులు రాత్రి ఆ గోదాములో భుజం భుజం తాకుతూ ఆడేవారు. పాటలు వేసేవాడు ఫ్రాంకీ నకుల్స్. గోదాము పేరులోని చివరి ముక్కే 'హౌస్' అనే సంగీతానికి పేరైంది. న్యూయార్కులోని 'పారడైజ్ గరాజ్' సైతం సభ్యులకే తలుపు తీసేది. అక్కడ మద్యం అమ్మేవారు కాదు. 1979 జూలై 12న షికాగో బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పోగుపోసి పేల్చివేస్తే వేలాదిమంది కేరింతలు కొట్టారు. అటువంటి ఊళ్ళో ఆ గోదాము తలుపు విలువ ఎంతటిదో ఊహించుకోవచ్చు.

బ్రిటన్ కథ వేరు. షికాగో వాసి స్టీవ్ 'సిల్క్' హర్లీ చేసిన పాట 1987 జనవరిలో అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. స్వదేశంలో దానికి అంతటి భోగం పట్టలేదు. ఆ ఏడాది చివర లండనులో ఒక వ్యాయామశాలలో 'షూమ్' మొదలైంది. మాంచెస్టరులో 1982 నుండి నడుస్తున్న 'హసియెండా' ఈ దరువుకు కోవెల అయింది. కూలీ, విద్యార్థి, ఫుట్‌బాల్ అభిమాని ఒకే పొగలో కలిసి ఆడారు. మద్యశాలలు రాత్రి పదకొండుకే మూతపడే కాలమది. క్లబ్బులూ తెల్లవార్లూ ఉండేవి కావు. అందుచేత జనం పాడుబడిన గోదాములకూ, పచ్చిక బయళ్ళకూ తరలారు. 1992 మే నెలలో కాసిల్‌మార్టన్ బయలులో వేలాదిమంది రోజుల తరబడి ఆడారు.

చట్టాల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. బ్రిటన్ 1994లో చేసిన చట్టం బయళ్ళలో గుమిగూడడాన్ని అరికట్టబూని, పదేపదే మోగే దరువును సైతం నిర్వచించింది. అమెరికా 2003లో చేసిన చట్టం మాదకద్రవ్యాల పేరిట చోటిచ్చిన యజమానిని బాధ్యుణ్ణి చేసింది. ఒకరికి గుంపంటే భయం, ఒకరికి గదిపై అనుమానం. ఆ మత్తు రెండు దేశాల్లోనూ ప్రాణాలు తీసిన మాట దాచవలసిన పని లేదు.

2010 తరువాత ఇదే దరువు 'ఈడీఎం' అన్న కొత్త పేరుతో అమెరికాను ముంచెత్తింది. 2011లో లాస్ వేగాస్‌కు మారిన 'ఎలక్ట్రిక్ డైసీ కార్నివాల్' వంటి ఉత్సవాల్లో జనసముద్రం వేదిక వైపు తిరిగి చేతులెత్తుతుంది. అటువంటి ఉత్సవాలకు వెళ్ళివచ్చిన కుర్రవాళ్ళను కొందరిని పలకరిస్తే, వేర్‌హౌస్ పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. దరువు అందరిదీ అయింది. దాన్ని కన్నవారు తెరవెనుకకు పోయారు.

ఈ మాట నన్ను మా ఊరికి లాక్కొస్తుంది. మాకు దగ్గరలోని గూగూడులో కుళ్ళాయిస్వామి పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ ఒకే గుండం దగ్గరకు చేరుతారు. మా సీమ ఉరుముల నృత్యంలో డోలు ఒక వైపు కొడుతూ, మరొక వైపు వంచిన పుల్లతో రుద్దుతూ ఉంటే మేఘం మూలిగినట్లే ఉంటుంది. అయితే మా పల్లెల్లో తప్పెట కాచి ఊరందరినీ ఆడించిన మనిషి భోజనాల వేళకు వేరే వరుసలో, దూరంగా కూర్చునేవాడు. బ్రిటన్ వారి బయలు మాకు ఏనాడో ఉంది. షికాగోలో దొరికిన తలుపు మాత్రం మా తప్పెటగాడికి దొరకలేదు.

ఇప్పుడు జాతరకు ట్రాక్టరు మీద డీజే బాక్సులు వస్తున్నాయి. తప్పెట చప్పుడు కూడా అందులోంచే మోగుతుంది. మొన్న ఊరికి వెళ్ళినప్పుడు, చిన్ననాట నేను విన్న తప్పెట పెద్దాయనను పలకరించి, "కళ పోతోంది కదా తాతా" అన్నాను. ఆయన బీడీ ఆర్పి నా వంక చూశాడు.

"నీకు బాధ గాని, నాకేం బాధ నాయనా? పిలిస్తే పోవల్ల. పోకుంటే ఊరంతా తిట్టేది. ఇచ్చింది తీసుకోవల్ల. ఇప్పుడు బాక్సులు నా మనవడివే. రేటు వాడు చెప్తాడు. అడ్వాన్సు ఇస్తేనే ట్రాక్టరు కదిలేది."

షికాగో కుర్రవాళ్ళు 'ఆసిడ్ హౌస్' సృష్టించింది కూడా జపానులో తయారై, బేస్ గిటారుకు బదులుగా అమ్ముదామంటే పోక, చవకగా చేతులు మారిన రోలండ్ టీబీ-303 అనే చిన్న యంత్రంతోనే. పాత వాద్యం పోయిందని కంటతడి పెట్టే తీరిక వారికి లేదు. తమ చేతిలో తమదైన యంత్రం ఉండడమే వారికి ముఖ్యం.

ఉరుముల మోత ఆగిపోకూడదనే నా కోరిక. కాని ఆ కోరిక తీరవలసింది వాయించేవాడు తన రేటు తానే చెప్పి, అందరితోపాటు వరుసలో కూర్చున్న పందిట్లో. షికాగో వీధికి 2004లో ఫ్రాంకీ నకుల్స్ పేరు పెట్టారు; ఆ గోదాముకు 2023లో చారిత్రక కట్టడంగా రక్షణ దక్కింది. మాంచెస్టరులో 1997లో మూతబడ్డ హసియెండాను కూలగొట్టి, అదే పేరుతో అపార్టుమెంట్లు కట్టారు. మా బత్తలపల్లెలో తప్పెటగాళ్ళ పేరు ఏ సందుకూ లేదు.

మీ ఊళ్ళో దరువు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో, వారు ఏ వరుసలో కూర్చుంటున్నారో, తెలిసినవారు చెబితే వినాలని ఉంది.