సమాధానం

అత్తాకోడళ్ళు మాట్లాడుకోకపోతే ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుందనుకుంటారు తెలియనివాళ్ళు. నిజానికి అప్పుడే గిన్నెలు ఎక్కువ మోగుతాయి. మొన్న తపస్సు కాలంలో మా ఇంట్లో తొమ్మిది రోజులు అలాగే మోగాయి.

మేముండేది ముప్కాల్‌లో. నిజాంసాగర్ నీళ్ళొచ్చాక మావారి తాతగారు గుంటూరు వైపు నుంచి బోధన్ దగ్గరికి చెరకు సాగుకని వచ్చారు. 2015లో అక్కడి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మావారు ఇటొచ్చి ఎరువుల కొట్టు పెట్టుకున్నారు. ఊళ్ళు మారినా మా అత్తయ్యగారి శుక్రవారం మాత్రం మారలేదు. ఫిరంగిపురం ఆడపడుచు మరి! విభూతి బుధవారం నుదుట బూడిద పెట్టించుకున్నది మొదలు ఈస్టరు దాకా ఏ శుక్రవారమూ ఇంట్లో నీచు పొయ్యెక్కకూడదు. ఆవిడ మాత్రం పొద్దుటినుంచీ పస్తుండి, సాయంత్రం సిలువ మార్గం 14 స్థలాలూ చదివాకే ఎంగిలిపడతారు.

అలాంటి ఒక శుక్రవారం మా అబ్బాయి హాస్టలు నుంచి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. “అమ్మా, కోడికూర!” అన్నాడు. తల్లి ప్రాణం కదండీ, వండాను. అత్తయ్యగారు వంటింటి గడప దగ్గర నిలబడి, “ఈ ఇంట్లో ప్రభువు పాట్లకు విలువ లేదన్నమాట,” అన్నారు. నేను ఊరుకోవద్దూ! “పిల్లాడి ఆకలి కంటే దేవుడికి కూర మీదే పట్టింపా?” అనేశాను. అంతే, మాటలు బంద్. ఆ ఆదివారం ఒంట్లో బాగాలేదని ఆవిడ గుడికే రాలేదు.

నేను మాత్రం ఊరికే కూర్చోలేదు. ఉపదేశిగారిని అడిగి తెలుసుకున్నాను. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం మాంసం మానే నియమం 14 ఏళ్ళు నిండినవాళ్ళకే. మావాడికి 13! ఉపవాసమైతే అరవయ్యో ఏడు మొదలయ్యాక అక్కరే లేదు. అంటే అత్తయ్యగారి పస్తు కూడా ఆవిడ ఇష్టమే తప్ప చట్టం కాదు. ఇంకేం, నా దగ్గర సమాధానం ఉంది! ఆవిడ నోరు తెరవడమే తరువాయి.

ఆ మరుసటి ఆదివారం ఇద్దరం బస్సెక్కాం. మా విచారణ గుడి ఊళ్ళో లేదు. బస్సులో కూడా ఆవిడ కిటికీ వైపు, నేను కండక్టరు వైపు. గుడిలో ఆడవాళ్ళ వైపు ఆవిడ కుర్చీలో కూర్చున్నారు, మోకాళ్ళ నొప్పి. పక్కనే చాప మీద నేను. ఆవిడ చిన్నతనంలో గురువులు పీఠం వైపు తిరిగి లాటిన్‌లో పూజ చేస్తుంటే, ఆడవాళ్ళు వెనక జపమాల తిప్పుకుంటూ ఉండేవారట. ఎవరూ ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఆ రోజులే నయమనిపించింది నాకు! 1969లో పూజక్రమం మార్చినప్పటినుంచీ జనమంతా పక్కవాళ్ళకు సమాధానం చెప్పుకోవాలి. మన దేశంలో చేతులు జోడించి చెప్పుకోవచ్చని ఆ ఏడే అనుమతి కూడా వచ్చింది. దాన్ని పెట్టింది కూడా ఎక్కడనుకున్నారు? పరలోక జపం తర్వాత, సత్ప్రసాదానికి ముందు. తప్పించుకుని ముందుకు పోయే దారి లేదు.

అందరూ లేచారు. అత్తయ్యగారు కుర్చీ పట్టుకుని మెల్లగా లేచి, ముందువాళ్ళకు దణ్ణం పెట్టారు. వెనకవాళ్ళకు పెట్టారు. మిగిలింది నేను. పెద్దావిడ, ముందు నేనే పెట్టాలి. చేతులు లేవలేదు. ఆలోగా ఆవిడే వేళ్ళకు చుట్టుకున్న జపమాలతో సహా చేతులు జోడించారు. ఆ చేతులు వణుకుతున్నాయి. గబుక్కున వాటిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. తొమ్మిది రోజులుగా దాచుకున్న చట్టం గొంతులోనే ఉండిపోయింది.

తిరుగు బస్సులో ఆవిడే అన్నారు: “వాడికి 14 నిండలేదని నాకూ తెలుసే అమ్మాయ్.”

నేను తెల్లబోయాను. “మరి?”

“కొత్త మామిడికాయ వచ్చిందని పొద్దున్నే వాడికోసం పప్పు చేసిపెట్టాను. కోడికూర వాసనకి వాడు దాని మూత కూడా తియ్యలేదు.”

దీనికి ఏ చట్టంలో సమాధానముంది, మీరే చెప్పండి! ఆ పప్పుగిన్నె మర్నాడు కడిగింది నేనే. అది ఎవరు చేశారో, ఎవరికోసం చేశారో ఆలోచించనే లేదు.

తర్వాతి శుక్రవారం మామిడికాయ పప్పు నేను చేశాను. సిలువ మార్గం అయ్యాక ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “ఉప్పు తగ్గింది,” అన్నారు.

హమ్మయ్య, ఇల్లు మామూలైంది!