చీమపై నొక పద్యము

పద్యమనగానే మన పిల్లలు బెదరుట సోదరీమణు లెల్లరు నెఱిగినదే. ముందు లక్షణమును వల్లెవేయించి, పద్యము కట్టుటలోని యానందమును పిదప చూపుటయే ఇందులకు కారణమని మాకు తోచుచున్నది. మా వారు ఉపాధ్యాయులు. వారు బడినుండి వచ్చులోపల, రాజాములోని మా యింటి యరుగుపై ఇరుగుపొరుగు పిల్లలను కూర్చుండబెట్టుకొని, మేము జంతువులపై ఆటవెలదులు కట్టించుచున్నాము.

వేమన పద్యములవలన ఆటవెలది నడక మన చెవులకు క్రొత్తది కాదు. దాని ఒకటవ, మూడవ పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు; రెండవ, నాలుగవ పాదములలో అయిదును సూర్యగణములే. పాదము మొదటి యక్షరమునకు నాలుగవ గణము మొదటి యక్షరముతో యతిమైత్రి కుదురవలెను. సూర్యగణములు రెండే: గురువు వెంట లఘువు వచ్చిన హగణము, మూడు లఘువులైన నగణము.

ఇంతమాత్రము చెప్పిన పిల్లలకు తల తిరుగును. అందుచే ముందు పేర్లు పలికింపుడు. పిల్లి, కుక్క, ఆవు, మేక, కాకి, చీమ: అన్నియు హగణములే. ఉడుత, ఎలుక, చిలుక, నెమలి: ఇవి నగణములు. ఏనుగు, గుఱ్ఱము, కుందేలు, తాబేలు ఇంద్రగణములలో చేరును. పులికి మాత్రము రెండు లఘువులే యగుటచే తోడుగా మఱియొక యక్షరము కావలెను. ఈ యాట నేర్చిన పిల్లలు గణములకు వెఱవరు.

మఱింత చిన్నవారికి విజయనగరపు గురజాడ అప్పారావుగారు 1910లో వెలయించిన ముత్యాలసరపు నడక మేలు. మూడు, నాలుగు మాత్రలను మార్చి మార్చి చప్పట్లతో లెక్కింపవచ్చును.

అయితే గణము కుదిరినంతనే పద్యము కుదరదు. తొమ్మిదేండ్ల బాలిక యొకతె చీమపై వ్రాయుచు, మూడవ పాదము నిండుటకై చీమ పాట పాడినదని వ్రాసెను. గణములు సరియే, యతియు సరియే. కాని చీమ పాడగా విన్నవా రెవ్వరు? ఆ బిడ్డకు నిలుకడ లేదని ఇంటను బడిలోను పేరు. పద్యమును కొట్టివేయక, మేము ఆమెను గోడయొద్దకు పంపితిమి. చీమలబారునకు అడ్డముగా నాలుగు నీటిచుక్కలు వేసి, అరగడియసేపు కదలక చూచి వచ్చి, “పిన్నిగారూ, ఆగింది గాని వెనక్కి పోలేదండీ” అనెను. పిమ్మట ఇట్లు పూర్తిచేసితిమి:

చీమ చీమ కలసి చిన్నగింజను మోయు
దారి విడక పుట్ట దరికిఁ జేరు
నీరు పడిన వేళ నిలిచి చూచును గాని
వెనుకఁ దిరుగ దొక్క వేలె డైన

అరగడియ కదలక కూర్చున్నదనిన తల్లి నమ్మలేదు. పద్యము విని, మరల చదువుమని కూతును దగ్గఱకు తీసికొనెను.

సోదరీమణులారా, మీ పిల్లలచే పద్యము కట్టించునపుడు ఈ యొక్క నియమమును పాటింపుడు: పదము దొరకనిచో నిఘంటువుకంటె ముందు ఆ జంతువునొద్దకు పంపుడు.