మావయ్యగారి బదులు పాతిక కిలోమీటర్లు

డిసెంబరు 4 నేవీ డే. ఆ రోజు పొద్దున్నే మా విశాఖ బీచ్ రోడ్డులో 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర పూలగుచ్ఛాలు ఉంచుతారు. 1971 యుద్ధంలో పోరాడిన నావికుల గుర్తుగా 1996లో కట్టారు దాన్ని. మా మావయ్యగారు ఏటా నడిచి వెళ్లి దండం పెట్టుకుని వచ్చేవారు. కిందటేడు మోకాళ్లు సహకరించలేదు.

"మీ బదులు నేను వెళ్తాను మావయ్యా" అన్నాను. కారులో వెళ్లి దండం పెట్టి వచ్చేస్తే ఆయన నడకకి బదులెలా అవుతుంది? భీమిలి నుంచి నడుస్తానన్నాను. సుమారు 25 కిలోమీటర్లు.

"ఎందుకమ్మా అంత కష్టం?" అన్నారాయన.

ఆయన ఐఎన్ఎస్ విక్రాంత్ బాయిలర్ రూములో పనిచేశారు. విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసిన సంగతి మీరూ వినే ఉంటారు. అప్పటికి ఓడ నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు. మిగతా మూడింటితోనే యుద్ధానికి వెళ్లింది. "మేం యుద్ధం ఎక్కడ చూశామమ్మాయ్, మీటరు ముల్లు చూశాం" అంటారాయన. ఆ హోరుకి అప్పుడే చెవులు మందగించాయి. 2014లో ఓడని తుక్కు కింద విడగొట్టేశారు. మనవలకి చూపిద్దామన్నా ఆ చోటు లేదు.

పిల్లల్ని బడికి పంపాక రోజూ నడుస్తూ మూడు నెలలు అలవాటు చేసుకున్నాను. ఆ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాను. వెనకాల స్కూటరు మీద మావారు. మంగమారిపేట దాకా హాయిగానే ఉంది. ఋషికొండ ఎత్తు ఎక్కేసరికి పిక్కలు పట్టేశాయి. సాగర్‌నగర్ దగ్గర మడమ మీద బొబ్బ చితికింది.

"ఇక చాలు, బండెక్కు" అన్నారు మావారు.

నాకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగే వీలుంది. సముద్రపు గాలి ఉంది, దారి పొడవునా కొబ్బరిబొండాలున్నాయి. నిప్పుల కొలిమి లాంటి ఆ ఇనుపగదిలో ఇరవయ్యేళ్ల కుర్రాడికి ఇవేవీ లేవు. ఆవిరి తగ్గితే పైన విమానం లేవదు. ఆ మాట తలుచుకుంటూ మిగతా దూరం కుంటుతూనే నడిచాను. పదిన్నర దాటాక స్మారకం ముందు ఆయన పేరు చెప్పి దండం పెట్టాను.

ఇంటికొచ్చేసరికి మావయ్యగారు స్వయంగా మజ్జిగ చేసి ఉంచారు. ఉప్పు కాస్త ఎక్కువే. "చెమట పోస్తే మాకూ ఉప్పునీళ్లే ఇచ్చేవారు, తాగు" అన్నారు.

ఆ రాత్రి పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని, తనతో డ్యూటీ చేసిన ఆరుగురి పేర్లూ ఊళ్లతో సహా చెప్పారు. మా ఇంట్లో ఆ పేర్లు వినబడడం అదే మొదలు.