లందా రియాక్టరూ

నేను కెమిస్టునంటే మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. సైన్సు మాస్టారంటారు. అదీ నిజమే. రేపల్లె పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 2016 నుంచి పాఠాలు చెబుతున్నాను. దానికి ముందు, ఎమ్మెస్సీ కాగానే, మూడేళ్ళు హైదరాబాదు శివార్లలో ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్టుగా పనిచేశాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాణ్ణి నేనే. మొదటి కెమిస్టుని మాత్రం నేను కాదు.

మా తాత మాదిగ. ఊళ్ళో చచ్చిన గొడ్డుని లాక్కొచ్చి, తోలు వలిచి, ఉప్పు పట్టించి, సున్నపు తొట్లో వేసేవాడు. వెంట్రుక ఊడిందాకా ఉంచి, రంపెతో కండ గీకి, సున్నం పోయిందాకా కడిగి, అప్పుడు లందలో వేసేవాడు. లందలో తంగేడు చెక్క, తుమ్మచెక్క, కరక్కాయ. ఎన్నాళ్ళుంచాలో ఆయనకి తెలుసు. కాలాన్నిబట్టి, గొడ్డు వయసునిబట్టి మారేది. నేను పుట్టేటప్పటికి ప్లాస్టిక్ చెప్పులొచ్చి లంద పూడిపోయింది. ఆ గుంట ఉన్నచోటు మాత్రం మిగిలింది. నేను ఆరో తరగతిలో ఉండగా తాత పోయాడు. పోయేలోపు ఒక మాట చాలాసార్లు చెప్పాడు. కొత్త తోలుని కొత్త చెక్క నీళ్ళలో వెయ్యమాకరా, ముందు పాత నీళ్ళలో వెయ్యాలి, ఘాటు తగ్గిన నీళ్ళలో. ఘాటు నీళ్ళు ముందే తగిల్తే పైన బిగుసుద్ది, లోపల పచ్చిగానే ఉంటది.

ఇది రసాయన శాస్త్రం కాదా? చెక్కలో ఉండే టానిన్ తోలులోని కొల్లాజెన్‌ని పట్టుకుంటుంది. చిక్కటి ద్రావణమైతే పైపొరనే గట్టిగా పట్టేసి లోపలికి దారి మూసేస్తుంది. నేను ఎమ్మెస్సీలో చదువుకున్నది అదే. తాతకి ఆ పేర్లు తెలీవు. పేర్లు తెలిసినవాడు సైంటిస్టయ్యాడు, పని తెలిసినవాడు అంటరానివాడయ్యాడు.

నేను డిగ్రీ తెనాల్లో చేశాను. మా వూరినుంచి రేపల్లె బండెక్కి తెనాలి పోయేవాణ్ణి. ఆదివారాలు తెనాల్లో బండి మారి బాపట్ల పోయేవాణ్ణి. బాపట్లలో మా పెదనాన్న వరసాయన ఉండేవాడు. ఆయన 1970లలో ఐ.డి.పి.ఎల్.లో కెమిస్టుగా చేరి, పదవీ విరమణ తర్వాత బాపట్ల వచ్చి స్థిరపడ్డాడు. నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒంటబట్టించింది ఆయనే. పలక మీద బాణం గుర్తులేసి, “ఎలక్ట్రాన్ ఎటు పోతదో చూడరా, మనిషి ఎటు పోతాడో తర్వాత చూద్దువుగాని” అనేవాడు. తెనాలికీ బాపట్లకీ మధ్య చుండూరు స్టేషనొస్తుంది. 1991 ఆగస్టు 6న అక్కడ మనవాళ్ళు 8 మందిని నరికారు. అప్పటికి నాకు మూడేళ్ళు. ఆ స్టేషన్లో బండి ఆగినప్పుడల్లా చేతిలో పుస్తకం ఉన్నా చదవబుద్ధయ్యేది కాదు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ రెండు తీర్పుల మధ్యే నా ఎమ్మెస్సీ, నా కంపెనీ ఉద్యోగం, రెండూ అయిపోయాయి.

పెదనాన్న కంపెనీ గురించి కొంచెం చెప్పాలి. మన ఇళ్ళలో దాని కథ ఎవరూ చెప్పుకోరు గనక.

ఐ.డి.పి.ఎల్. 1961లో ఏర్పడింది. సోవియట్ వాళ్ళ సాయంతో హృషీకేశ్‌లో యాంటీబయాటిక్ ఫ్యాక్టరీ, హైదరాబాదు బాలానగర్‌లో సింథటిక్ మందుల ఫ్యాక్టరీ పెట్టారు. అంతకుముందు మన దేశంలో మందు అంటే విదేశీ కంపెనీ చెప్పిన ధర. 1970 పేటెంటు చట్టం, 1972లో అమల్లోకొచ్చి, మందుకి కాదు, మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు అంది. అంటే అదే మందుని వేరే దారిలో చెయ్యగలిగితే నువ్వే అమ్ముకోవచ్చు. దారి కనిపెట్టేవాడు ఎవడు? కెమిస్టు. ఆ ఒక్క చట్టంతో కెమిస్టు బుర్రకి ధర పలికింది.

మన గుంటూరు జిల్లా వాళ్ళు ఆ దారిలో చాలా దూరం పోయారు. తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు కల్లం అంజిరెడ్డి గుంటూరు ఏ.సి. కాలేజీలో చదివి, బొంబాయి యు.డి.సి.టి.కి పోయి, పూనా నేషనల్ కెమికల్ లేబరేటరీలో పీహెచ్‌డీ చేసి, ఐ.డి.పి.ఎల్.లో చేరాడు. 1984లో సొంతంగా డాక్టర్ రెడ్డీస్ పెట్టాడు. గుంటూరులోనే పుట్టిన ఎ.వి. రామారావు కూడా ఏ.సి. కాలేజీ, యు.డి.సి.టి., పూనా మీదుగా వెళ్ళి 1985 నుంచి పదేళ్ళు హైదరాబాదు ఐ.ఐ.సి.టి. డైరెక్టరుగా చేశాడు. హెచ్.ఐ.వి.కి మొదటి మందు జిడోవుడిన్‌ని ఇక్కడ చవగ్గా తయారుచేసే దారి ఆయన వేస్తే, 1990ల మొదట్లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. 2001లో అదే సిప్లా మూడు మందుల కోర్సుని ఏడాదికి 350 డాలర్లకిస్తామని ప్రపంచానికి చెప్పింది. అప్పటిదాకా అది పదివేల డాలర్ల పైమాట. 2004 నుంచి మన ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇస్తోంది. మా పల్లెలో లారీ క్లీనర్లుగా పోయినవాళ్ళలో ఇద్దరు ఇవాళ బతికున్నారంటే ఆ మందువల్లే. ఈ మాట దాచుకోవడం నాకిష్టం లేదు. కెమిస్ట్రీ మీద నాకు ప్రేమ పోకపోవడానికి ఆ ఇద్దరూ ఒక కారణం.

కానీ పెదనాన్న ఒకసారి అన్నాడు: “ఐ.డి.పి.ఎల్. ఒక నిచ్చెనరా. పొలమున్నోడు దాన్నెక్కి మేడమీదికి దిగాడు. మనం నిచ్చెన మీదే ఉండిపోయాం.” ప్రభుత్వరంగంలో రిజర్వేషనుంది గనక మనవాళ్ళు ఆ గేటు దాటగలిగారు. రిజర్వేషన్ ఉద్యోగమిస్తుంది, పెట్టుబడి ఇవ్వదు. కంపెనీ పెట్టాలంటే తాకట్టు పెట్టడానికి పొలం కావాలి, పూచీ ఇవ్వడానికి బావమరిది కావాలి. 1992లో ఐ.డి.పి.ఎల్.ని ఖాయిలా పరిశ్రమగా బి.ఐ.ఎఫ్.ఆర్.కి పంపారు. 2016 డిసెంబర్లో కేంద్ర మంత్రివర్గం మూసెయ్యాలని నిర్ణయించింది. అందులో పని నేర్చి బయటికొచ్చినవాళ్ళ కంపెనీలు మాత్రం హైదరాబాదు చుట్టూ చెట్లయ్యాయి. ఆ చెట్ల కింద రిజర్వేషన్ లేదు.

నేను అలాంటి ఒక చెట్టు కిందికే 2010లో పోయాను. ఇంటర్వ్యూలో ఆయన నా కాయితాలు చూసి, “తెనాలా! మావాళ్ళు తెనాల్లో చాలామంది ఉన్నారయ్యా. ఎవరి తాలూకు మీరు?” అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. నేను ఇంటిపేరు చెప్పాను. “ఓహో” అన్నాడు. ఆ ఓహో తర్వాత కెమిస్ట్రీ ప్రశ్నలు రెండే అడిగి ప్రొడక్షన్‌కి పంపాడు. నాతోపాటు అదే యూనివర్సిటీ నుంచి, నాకన్నా తక్కువ మార్కులతో వచ్చిన కుర్రాడు ఆర్.అండ్.డి.కి పోయాడు. వాడు మంచివాడే. వాడిమీద నాకు కోపం లేదు.

మందుల కంపెనీలో ఈ రెంటికీ తేడా తెలియాలి. ఆర్.అండ్.డి. అంటే ఏసీ గదిలో లీటరు ఫ్లాస్కు. ప్రొడక్షన్ అంటే మూడువేల లీటర్ల రియాక్టరు, రాత్రి షిఫ్టు, ముక్కుకి మాస్కు. ఫ్లాస్కులో వచ్చింది రియాక్టర్లో రాదు. పదిమందికి వండినట్టు వెయ్యిమందికి వండితే అన్నం మాడినట్టే. పాత్ర పెద్దదయ్యేకొద్దీ లోపలి వేడి గోడదాకా వచ్చి చల్లబడే దారి తగ్గిపోతుంది. అందుకే అక్కడ అరగంటలో పోసే ద్రావణం ఇక్కడ ఆరుగంటలు పొయ్యాలి. కలిపే రెక్క ఎంత తిరిగినా, చుక్క పడ్డచోట చిక్కగా, మిగతా చోట పల్చగా ఉంటుంది. ఈ తేడాల్ని సరిచేసి, ఫ్లాస్కులో పుట్టిన మందుని టన్నుల్లో చెయ్యడమే పారిశ్రామిక కెమిస్టు అసలు విద్య. ఆ విద్య రియాక్టరు పక్కన నిలబడితేగానీ రాదు. కానీ పేరు ఏసీ గదికి పోతుంది.

మా బ్లాకులో ఒక మందుకి రెండో మెట్టులో మలినం వచ్చేది. రోజువారీ మందులో తెలియని మలినం వెయ్యిపాళ్ళలో ఒక పాలు దాటితే అదేమిటో కనిపెట్టి చెప్పాలని అంతర్జాతీయ నిబంధన. మాకు నాలుగు పాళ్ళు వచ్చేది. బ్యాచి తర్వాత బ్యాచి మళ్ళీ శుద్ధి చేసేవాళ్ళం. ఫ్లాస్కులో మాత్రం రాదు. ఒక రాత్రి సైట్ గ్లాసులోంచి చూస్తున్నాను. యాసిడ్ క్లోరైడ్ చుక్క పడ్డచోట రంగు మారి, తర్వాత కలిసిపోతోంది. నాకు తాత లంద గుర్తొచ్చింది. ఘాటు ముందే తగులుతోంది. పడ్డచోట అప్పటికే తయారైన మందుని కూడా అది పట్టేసుకుంటోంది.

తెల్లారి కాయితం మీద రాసిచ్చాను. మొదటి సగం టోలుయిన్‌లో పల్చన చేసి పొయ్యాలి, గొట్టం రెక్క దగ్గరికి దించాలి, ఘాటుది చివర్లో పొయ్యాలి. అనుమతి లేకుండా ఏదీ మార్చకూడదు గనక కాయితం పైకి పోయింది. రెండు నెలలకి పైలట్ ప్లాంటులో చేసి చూశారు. మలినం ఒక పాలుకి లోపు పడింది. రిపోర్టు మీద మూడు పేర్లున్నాయి. నాది లేదు. అడిగాను. “నువ్వు చెప్పింది ఐడియానే గదయ్యా, డేటా వాళ్ళది” అన్నాడు మేనేజరు. నన్ను ఆర్.అండ్.డి.కి మార్చమని రెండుసార్లు అర్జీ పెట్టాను. పీహెచ్‌డీ కావాలన్నారు. ఆ మూడు పేర్లలో రెండింటికి పీహెచ్‌డీ లేదు.

ఇంకో సంగతి చెప్పి కంపెనీ సంగతి వదిలేస్తాను. మేం రానిటిడిన్ కూడా చేసేవాళ్ళం, కడుపుమంట మాత్ర. దాని తయారీలో గంధకం ఉన్న పదార్థాలుంటాయి. కుళ్ళిన క్యాబేజీ కంపు. సబ్బుతో రుద్దినా జుట్టులోంచి పోదు. మేం నలుగురం అద్దెకున్న ఇంటావిడ ముక్కు మూసుకుని నవ్వేది. “కంపెనీ వాసనలే, ఏం చేస్తారు పాపం” అనేది. ఒకసారి మా అమ్మ రేపల్లె నుంచి వచ్చింది. ఇద్దరూ మెట్లమీద కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్మకి దాచడం తెలీదు. “మా మావగారు చెప్పులు కుట్టి పెంచాడమ్మా మా పిల్లల తండ్రిని” అని చెప్పింది. పది రోజులకి ఇంటావిడ, “వాసన పడట్లేదు బాబూ, నువ్వు వేరే గది చూసుకో” అంది. నన్నొక్కణ్ణే. మిగతా ముగ్గురూ అదే కంపెనీ, అదే బ్లాకు, అదే క్యాబేజీ.

కెమిస్టుగా ఉండాలని నాకు ఉండేది. చాలా ఉండేది. కానీ 2013లో మా అయ్యకి జబ్బు చేసింది, నేను వచ్చేశాను. బి.ఇడి. చేసి డి.ఎస్సీ. రాశాను. రిజర్వేషన్ ఉద్యోగమే. ఇక్కడ ఎవరి తాలూకు అని అడిగినా నా జీతం ఆగదు.

మా బళ్ళో ప్రయోగాలకి సామాను తక్కువ. పోయినేడు తంగేడు చెక్కా, కరక్కాయా తెప్పించి ఉడకబెట్టి, వడగట్టి, పదో తరగతి పిల్లలచేత ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు వేయించాను. తంగేడు నీళ్ళు ఆకుపచ్చ నలుపుకి తిరిగాయి. కరక్కాయ నీళ్ళు నీలి నలుపుకి తిరిగాయి. తాత లంద సంగతి కూడా చెప్పాను. కొందరు పిల్లలు నవ్వారు. మాదిగపల్లె నుంచొచ్చే ఒకమ్మాయి నవ్వలేదు. “రెండూ తోలుకే పనికొచ్చేవి గదా సార్, రంగులెందుకు వేరు?” అంది. పాతికమంది పిల్లల్లో ఆ ప్రశ్న ఒక్కదానికే వచ్చింది. టానిన్లు రెండు జాతులని, వాటి నిర్మాణం వేరని బోర్డు మీద గీశాను. బెల్లు కొట్టాకా పోలేదు. తనూ మందులు చేసే కెమిస్టు కావాలంది.

ఆ పిల్ల తల్లి మిరపకోతల కూలి. బళ్ళోకొచ్చి నిలబడింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీ పేలి 17 మంది చచ్చిపోయింది ఆమె టీవీలో చూసింది. ద్రావకం ఆవిరి కమ్ముకుని అంటుకుందది. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయింది కూడా చూసింది.

“ఆ కంపెనీల పనికా మాస్టారూ నా పిల్లని పంపేది? టీచరుద్యోగం చెప్పండి, నర్సుద్యోగం చెప్పండి. పొగలో కాలే పని చెప్పమాకండి” అంది.

ఆమె భయం ఉత్తది కాదు. రియాక్టరు పక్కన ఎవరు నిలబడతారో, కాలేదెవరో నేను చూసినవాణ్ణి. అందుకే కంపెనీ మాట ఎత్తలేదు. “డిగ్రీతో పంపొద్దక్కా. డిగ్రీతో పంపితే రియాక్టరు దగ్గరే నిలబెడతారు. ఎమ్మెస్సీ చదివించి, సి.ఎస్.ఐ.ఆర్. నెట్ రాయించి, పీహెచ్‌డీ చేయిద్దాం. అప్పుడు రిపోర్టు మీద పేరుంటుంది. ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి నెలనెలా డబ్బులు గవర్నమెంటే ఇస్తది” అన్నాను.

ఆమె వేళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టింది. ఇంటరుకి రెండు, డిగ్రీకి మూడు, ఆ పైచదువుకి రెండు. ఒక చెయ్యి అయిపోయి రెండో చేతికొచ్చింది.

“పీహెచ్‌డీకెంత మాస్టారూ?”

“అయిదు అనుకో అక్కా.”

రెండు చేతుల వేళ్ళూ చాలలేదు. “పన్నెండేళ్ళా!” అంది. కాసేపు పిల్లవైపు చూసింది. పిల్ల నావైపు చూస్తోంది.

“పన్నెండేళ్ళు నేను కూలికి పోగలను గానీ, ఈలోపు మావాళ్ళు దీనికి పెళ్ళి మాట ఎత్తకుండా మీరొచ్చి ఒకసారి మా ఆయనతో చెప్పాలి” అంది.

ఆదివారం పోతున్నాను.