కోట్లకు సవరిస్తే ఎనిమిదా, తొమ్మిదా?

ఆరో తరగతికి పెద్ద సంఖ్యలు చెప్పేటప్పుడు నేను బోర్డు మీద రాసేది మన రెండు రాష్ట్రాల జనాభానే. 2011 జనగణనను ఇప్పటి సరిహద్దులతో లెక్కగడితే ఆంధ్రప్రదేశ్‌ 4,95,77,103, తెలంగాణ 3,50,03,674.

చూసి చదవడంలో పిల్లలకు పెద్ద ఇబ్బంది ఉండదు, కామాలు దారి చూపిస్తాయి. విని రాయమంటేనే అసలు సంగతి బయటపడుతుంది. ‘మూడు కోట్ల యాభై లక్షల మూడు వేల ఆరువందల డెబ్బై నాలుగు’ అని పలికితే చాలామంది 3,50,3,674 అని రాస్తారు. అది అజాగ్రత్త కాదు. నోటితో చెప్పినప్పుడు పదివేల ఊసే రాలేదు కదా, రాని దాన్ని పిల్లవాడు ఎలా రాస్తాడు? కొట్టేసి దిద్దను. కామాలు చెరిపి, కుడివైపు నుంచి మళ్లీ పెట్టి చదవమంటాను. 35,03,674 వస్తుంది. ఒక్క సున్నా రాయనందుకు మూడున్నర కోట్ల జనం ముప్పై అయిదు లక్షలకు దిగిపోయారు! ఆ తర్వాత పదివేల గడిని ఎవరూ మరిచిపోరు.

ఇక సవరించడం. ‘5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ముందు స్థానానికి ఒకటి కలుపు’ అన్న సూత్రాన్ని నేను వెంటనే చెప్పను. సంఖ్యారేఖ గీసి, మూడు కోట్లకూ నాలుగు కోట్లకూ సరిగ్గా నడుమ ఏముందని అడుగుతాను. మూడున్నర కోట్లు. తెలంగాణ దాన్ని 3,674 మందితో దాటింది కాబట్టి 4 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌ 5 కోట్లు. రెండూ కలిపితే 9 కోట్లు.

ఇప్పుడు అసలు సంఖ్యలను కూడమంటాను. 8,45,80,777. దీన్ని కోట్లకు సవరిస్తే 8 కోట్లే!

‘‘టీచర్‌, ఏది రైటు?’’ అని క్లాసంతా ఒక్కసారిగా లేస్తుంది. జవాబు చెప్పను, వెతకమంటాను. తెలంగాణకు 49,96,326, ఆంధ్రప్రదేశ్‌కు 4,22,897 అదనంగా చేర్చామని వాళ్లే తీసివేతలు చేసి పట్టుకుంటారు. రెండూ పైకే జరిగాయి, తేడా 54 లక్షలు దాటింది. అదే లక్షలకు సవరిస్తే 4,96,00,000, 3,50,00,000, మొత్తం 8,46,00,000. అసలు మొత్తాన్ని సవరించినా అంతే. ముందు కూడి చివర సవరించాలన్న మాట అప్పుడు వాళ్ల నోటి నుంచే వస్తుంది. పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

పేపరు శీర్షికకు కోట్లు సరిపోతాయి, ఓటర్ల జాబితాలో ఒక్క పేరు తగ్గినా కుదరదు. సాటి టీచర్లకు నా మనవి ఒక్కటే. సవరించమని లెక్క ఇచ్చినప్పుడు ఏ స్థానానికన్నదే కాదు, ఏ అవసరానికన్నది కూడా ప్రశ్నలో రాయండి.