మూడు మిల్లీమీటర్ల తగాదా

మా ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే మా ఆవిడ అనే మొదటి మాట "రండి, కూర్చోండి" కాదు. "కాస్త చూసి నడవండి, రైలుంది" అంటుంది. వచ్చినవారు నిర్ఘాంతపోయి నేలకేసి చూస్తారు. నిజానికి రైలు నేలమీద లేదు. ముందుగదిలో గోడ పొడుగునా వేసిన బల్లమీద ఉంది. కాని దాని తాలూకు వైర్లూ, రాగి ముక్కలూ, ఆవగింజలంత మేకులూ నేలమీదే ఉంటాయి గనుక ఆవిడ హెచ్చరిక అన్యాయమేమీ కాదు.

నేను ఆదోనిలో తెలుగు లెక్చరరుని. "తెలుగు ఎం.ఏ. చదివి ఈ ఇంజన్ల గొడవ ఏమిటండీ? ఫిజిక్సు వాళ్ళ పని కదా!" అంటారు తోటి ఉపాధ్యాయులు. ఛందస్సు చెప్పేవాడికి ఇంతకన్న తగిన వ్యాపకం లేదని నా జవాబు. ఉత్పలమాలలో ఒక్క లఘువు జారితే పద్యం కుంటినట్టే, బొమ్మ ఇంజనులో ఒక్క కొలత జారినా అది కుంటుతుంది. ఈ మాట ఏళ్ళ తరబడి గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను. తీరా నా పద్యమే కుంటుతున్నదని పట్టుకున్నవాడు మా నాయన. ఆయన చదివింది మూడో తరగతి.

మాది ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు. మా నాయనదీ మగ్గం బతుకే. మా ఊరికి రైలు లేదు. మంత్రాలయం నుంచి కర్నూలుకు మా ఊరి మీదుగా లైను వేస్తారన్న కబురు మాత్రం నేను నిక్కరు తొడిగిన నాటి నుంచీ వింటున్నాను. రైలు చూడాలంటే ఆదోనికి బస్సెక్కాలి. ఆరేళ్ళప్పుడు నాయన వెంట అలా వచ్చి, స్టేషన్లో మొదటిసారి డీజిలు ఇంజనును చూశాను. అది డబ్ల్యు.డి.ఎం.2 రకమనీ, 1964 నుంచి వారణాసిలో తయారు చేస్తూ వచ్చారనీ చాలాకాలానికి గాని తెలియలేదు. అప్పుడు తెలిసిందల్లా అది వచ్చి నిలబడితే కాళ్ళకింద నేల గుడగుడమన్నదని.

మర్నాడే నాయన నాడె ఎత్తుకుపోయాను. మగ్గంమీద అటూ ఇటూ పరుగెత్తే నాడెను చూసే ఉంటారు. రెండు కొసలా మొనదేలి, నడుమ ఖాళీగా ఉంటుంది. ఇంజనుకు అంతకన్న ఏం కావాలి? మొనలు అరిగేదాకా అరుగుమీద రాశాను. మేకులు కొట్టి, సోడాసీసా మూతలు చక్రాలుగా బిగించాను. నాయన వెతుక్కుంటూ వచ్చేసరికి పని పూర్తయింది. ఆ పూట నేత ఆగిపోయింది. నేత ఆగిన పూటకు కూలి లేదని ఆ ఇంట్లో పుట్టిన నాకు తెలియకపోలేదు. ఆయన కొట్టలేదు. బండిని ఇటూ అటూ తిప్పి చూసి, "చక్రాలు ఒక సైజు లేవు కదరా" అన్నాడు. తరవాత పక్కింటికి వెళ్ళి నాడె ఎరువు తెచ్చుకున్నాడు. తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణేమో.

ఉద్యోగం వచ్చాక ఒకసారి పూణె వెళ్ళి, అక్కడ జోషీగారి కుటుంబం 1998లో తెరిచిన చిన్న రైళ్ళ మ్యూజియం చూశాను. తిరిగి వచ్చేసరికి నాలోని నాడె దొంగ మళ్ళీ లేచి కూర్చున్నాడు. హెచ్.ఓ. అనే కొలత పట్టుకున్నాను. అంటే అసలు రైలులో ఎనభై ఏడోవంతు. 17 మీటర్ల పైచిలుకు పొడవున్న డీజిలు ఇంజను 197 మిల్లీమీటర్లకు దిగుతుంది. బోర్డులు రాసే షాపుల్లో మిగిలిన ప్లాస్టిక్ షీటు కోసి, పాత టేప్‌రికార్డరు మోటారు పెట్టి, మొదటి ఇంజను చేయడానికి నాకు రెండు వేసవి సెలవులు పట్టాయి. తరవాత పెట్టెలు చేశాను, గూడ్సు వాగన్లు చేశాను. వాగన్లలో నిజమైన ఆదోని పత్తిని బేళ్ళు కట్టి నింపాను. ఆ గొప్ప నాదే!

పట్టాలు మాత్రం తపాలాలో తెప్పించుకున్నాను. వచ్చిన తంటా అంతా అక్కడే. ఈ కొలతకు లోకమంతటా అమ్మే పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. అది చాలా దేశాల్లో వాడే 1435 మిల్లీమీటర్ల లైనుకు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజి 1676. అంటే జానెడు పైన వెడల్పు. ఎనభై ఏడుతో భాగిస్తే 19.26 రావాలి. నా రైలు దాదాపు మూడు మిల్లీమీటర్ల ఇరుకు దారిలో నడుస్తున్నదన్నమాట. ఇది నాకు తెలియక కాదు, తెలిసే ఊరుకున్నాను. పైగా ఒక సాకు కూడా సంపాదించాను. రైళ్ళ పుట్టిల్లయిన ఇంగ్లండులోనే డబుల్ ఓ అనే కొలతలో పట్టాలు 18.83 ఉండవలసింది, ఆ 16.5 తోనే సరిపెట్టుకున్నారు. అక్కడా ఒప్పుకోక, సరైన ఎడంతో సొంతంగా పట్టాలు వేసుకునే మొండివాళ్ళున్నారు గాని, వాళ్ళ ఊసు నేనెత్తేవాణ్ణి కాను.

మగ్గం మానేశాక నాయన మా దగ్గరికి వచ్చాడు. ఒక కంటికి శుక్లం తీయించాం. కట్టు విప్పిన వారానికి బల్ల దగ్గరికి వచ్చి, వంగి చాలాసేపు చూశాడు.

"ఆ దినం టేషన్లో బండి పట్టాల మింద కూర్చున్నెట్టు ఉండె. నీది నిలబడుకోని ఉందేమిరా?"

నా మొహం మాడింది. "మూడు మిల్లీమీటర్లు నాయనా! ఎవరికి కనబడుతుంది?" అన్నాను, కాస్త గట్టిగానే.

"పన్నెలో ఒక్క పన్ను ఊడితే చీర పొడుగునా గీత పడతాది. కొనేవాళ్ళకు కనపడదులే అని నేను యాపొద్దూ అనుకోలేదు."

రెండు రోజులు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఇంట్లో రైలు కూడా నడవలేదు. మూడోనాడు కాలేజీ నుంచి రాగానే పట్టాలన్నీ పెరికేశాను.

జిన్నింగు మిల్లుల సామాన్లు బాగుచేసే లేతుషాపు అతను నా లెక్క విని నవ్వాడు గాని, ఇరుసులు పొడవుగా కోసి, 19.26 కొలతకు ఇత్తడి దిమ్మె కూడా చేసిచ్చాడు. రాగి పూసిన అట్టను సన్నగా కోసి స్లీపర్లు చేసి, వాటికి పట్టాలు అతికించాలి. నాయన దిమ్మెను పట్టాల నడుమ పెట్టి పట్టుకుంటే నేను సోల్డరు పెట్టేవాణ్ణి. కాఫీ గ్లాసు పట్టుకుంటే వణికే ఆ చేయి దిమ్మెమీద వణకలేదు. వణికింది నాదే. మన పెద్ద లైన్లలో కిలోమీటరుకు 1660 స్లీపర్లు వేస్తారు. ఆ లెక్కన మా ఆరు మీటర్లకు 860 పైన కావాలి. సగం వేద్దామన్నాను. ఆయన వినిపించుకోలేదు, పడుగు పోగుల్లా లెక్కపెడుతూ కూర్చున్నాడు. తీరా మీట నొక్కితే బండి కదలదు, కాలిన వాసన! స్లీపరు నడుమ రాగిని గీసి విడదీయకపోతే రెండు పట్టాల కరెంటూ కలిసిపోతుంది. ఆ పని నేను మరిచాను. మళ్ళీ ఒక్కొక్కటే గీశాం. అదంతా నెలన్నర.

నిజమే, ఇప్పుడు బండి కూర్చున్నట్టే ఉంది.

చివర్లో ఇంకో తగాదా వచ్చింది. బల్లకు ఒక కొసన ఆదోని స్టేషను పెట్టాను. "ఈ కొస యాడికి పోతాది?" అన్నాడు. కుప్పగల్లో, కోసిగో అన్నాను.

"ఎమ్మిగనూరు అని రాయి."

"లేని స్టేషను ఎలా పెడతాం నాయనా? మూడు మిల్లీమీటర్ల కోసం నన్ను అంత తిట్టి..."

"అది కొలత. ఇది ఊరు" అని లేచి వెళ్ళిపోయాడు.

పసుపు రేకుమీద నల్ల అక్షరాలతో మూడు భాషల్లోనూ రాశాను. బోర్డు నిలబెట్టాం గాని బండి ఇంకా అక్కడికి పోలేదు. వచ్చే మంగళవారం ఆయన రెండో కంటికి ఆపరేషను. అది అయ్యేదాకా మీట ముట్టుకోవద్దని ఆజ్ఞ. మా అబ్బాయి మాత్రం రోజూ బడి నుంచి రాగానే ఇంజనుమీద దుమ్ము తుడిచి, తాత వినేటట్టు, "బండి లేటు, బండి లేటు" అని అరుస్తున్నాడు.