ఒక స్టేషన్ దూరంలో రెండు మాల్స్

మన క్యాంపుల్లో ఉండేవాళ్ళకి మాల్ అంటే కొనే చోటు కాదు, తిరిగే చోటు. ఎండాకాలంలో నలభై ఐదు డిగ్రీల వేడిలో సెలవు రోజు ఎటు పోవాలన్నా డబ్బు కావాలి. మాల్‌లోకి పోవడానికి మాత్రం టికెట్ లేదు. లోపల చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీ ఉంటుంది, శుభ్రమైన బాత్రూం ఉంటుంది. బస్సు ఛార్జీ తప్ప పైసా ఖర్చు పెట్టకుండా మూడు గంటలు తిరిగి వచ్చినా అడిగేవాడు లేడు. కాకపోతే సెక్యూరిటీవాడు మన చెప్పుల వైపు ఒకసారి చూస్తాడు, అంతే.

మేం ముగ్గురం ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో గుమాస్తాలం. ఇంటర్ దాకా చదివాం. 2011లో దుబాయ్ వచ్చాం. అల్ ఖూజ్‌లో ఒకే గదిలో ఉంటాం. పొద్దంతా మనవాళ్ళ టైమ్ షీట్లు, ఓవర్‌టైమ్ లెక్కలు రాయడం మా పని. లెక్కలు రాసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది. ఎక్కడికి పోయినా ఎన్ని షట్టర్లు తెరిచి ఉన్నాయి, ఎన్ని మూసి ఉన్నాయి అని కళ్ళు వాటంతటవే లెక్క పెడతాయి. అలా మా కళ్ళ ముందే ఒక మాల్ ఆరిపోయింది, దాని పక్కనే ఇంకొకటి కొత్త రూపం ఎత్తింది. రెండింటికీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం.

అసలు ఈ మాల్ అనేదాన్ని మొదలుపెట్టినవాడు కూడా మనలాగే వలస వచ్చినవాడే. విక్టర్ గ్రూన్ అని ఒక ఇంజనీరు లాంటాయన, భవనాలకు ప్లాన్లు గీసేవాడు. ఆస్ట్రియా దేశంలోని వియన్నా నుంచి 1938లో అమెరికాకు వెళ్ళాడు. నాలుగు గోడల మధ్య, పైన కప్పు వేసి, ఏసీ పెట్టి, వీధి మొత్తాన్ని లోపలికి తెచ్చిన సౌత్‌డేల్ అనే షాపింగ్ సెంటర్‌కు ప్లాన్ గీసింది ఆయనే. 1956లో మినెసోటా రాష్ట్రంలో, ఊరి శివార్లలో అది తెరుచుకుంది. అక్కడ వణికించే చలి. చలి నుంచి తప్పించుకోవడానికి కట్టిన పద్ధతి ఇక్కడ ఎండ నుంచి తప్పించుకోవడానికి పనికొచ్చింది.

దుబాయ్‌లో 1981లో దేరాలో అల్ ఘురైర్ సెంటర్ వచ్చింది. 1991లో బర్ దుబాయ్ వైపు బర్జుమాన్ తెరిచారు. 1995లో దేరా సిటీ సెంటర్ వచ్చింది. 1996లో దుబాయ్ షాపింగ్ ఫెస్టివల్ మొదలయ్యాక కొనుగోళ్ళు ఒక పండగ అయిపోయాయి. ఆ ఊపులోనే 1997లో ఔద్ మేథాలో లామ్సీ ప్లాజా తెరుచుకుంది.

లామ్సీ గురించి మాకు మొదట చెప్పింది మా ఆఫీసులోని సీనియర్లు. లోపలికి పోగానే లండన్ నగరంలోని టవర్ బ్రిడ్జికి నకలు కట్టి ఉంటుందని, దాని ముందు నిలబడి ఫోటో దిగి ఇంటికి పంపితే ఊళ్ళో అందరూ లండన్ అనుకున్నారని నవ్వుతూ చెప్పేవారు. మేమూ వచ్చిన కొత్తలో అక్కడ ఫోటో దిగాం. చుట్టుపక్కల అంతా మధ్యతరగతి వాళ్ళే. ఇండియన్ హైస్కూల్ అక్కడే, సెయింట్ మేరీస్ చర్చి అక్కడే. అప్పట్లో సెలవు శుక్రవారం. చర్చికి వచ్చిన మన గోదావరి జిల్లాల వాళ్ళు ప్రార్థన అయ్యాక పిల్లలతో లామ్సీకి వచ్చేవారు. ఊరికి పోయేముందు సూట్‌కేసులోకి చాక్లెట్లు, సెంటు సీసాలు, పిల్లలకు బొమ్మలు అన్నీ ఒకే కప్పు కింద దొరికేవి. 2011 సెప్టెంబరులో మెట్రో గ్రీన్ లైన్ మొదలయ్యాక ఔద్ మేథా స్టేషన్‌లో దిగి నడిచే వెళ్ళేవాళ్ళం.

కానీ అప్పటికే దుబాయ్ జనం చూపు వేరే వైపు తిరిగింది. 2005లో మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ వచ్చింది, అందులో మంచు కొండ. 2008 నవంబరులో దుబాయ్ మాల్ తెరిచారు, అందులో చేపల అక్వేరియం, బయట ఫౌంటెన్. లండన్ బ్రిడ్జి నకలు చూడటానికి ఎవరు వస్తారు? వారం మధ్యలో పని మీద అటు పోయినప్పుడు లామ్సీలో అడుగుల చప్పుడు వినపడేంత ఖాళీగా ఉండటం మేము చూశాం.

మాల్ పడిపోవడం ఒక్కరోజులో జరగదు. ఈ లెక్క మాకు ఆఫీసు కాగితాల వల్ల కొంత తెలుసు. మాల్‌లో పెద్ద దుకాణం ఒకటో రెండో ఉంటాయి. జనాన్ని తెచ్చేది అవే కాబట్టి వాటికి అద్దె తక్కువ పెడతారు. వాటి కోసం వచ్చిన జనం దారిలో చూసి కొనే చిన్న దుకాణాలు గజానికి ఎక్కువ అద్దె కడతాయి. యజమానికి నిజమైన రాబడి ఆ చిన్నవాళ్ళ నుంచే. పెద్ద దుకాణం వెళ్ళిపోతే చిన్నవాడి ముందు జనం ఉండరు, అద్దె మాత్రం అలాగే ఉంటుంది. ఆరు నెలలు చూసి వాడూ షట్టర్ దించుతాడు. రెండు షట్టర్లు మూసి ఉంటే ఆ వరుసలోకి జనం పోవడం మానేస్తారు. తర్వాత ఎస్కలేటర్ ఒకటి ఆపేస్తారు, ఒక వైపు లైట్లు తగ్గిస్తారు. చివరికి తగ్గేది ఊడ్చేవాళ్ళ సంఖ్య.

లామ్సీకి మాత్రం ముగింపు వేరేగా వచ్చింది. 2017 మార్చి 31, శుక్రవారం. ఆ రోజు లామ్సీలో నిప్పంటుకుంది. పొగ ఫోటోలు క్యాంపులో అందరి ఫోన్లలో తిరిగాయి. కొద్దిరోజుల్లో మళ్ళీ తెరుస్తారనుకున్నాం. ఏళ్లు గడిచాయి గానీ తెరవలేదు. నిప్పు ఎవరి చేతిలోనూ ఉండదు. కానీ ఆ మాల్ చుట్టూ ఇంకా అంతే జనం ఉండి ఉంటే దాని కథ వేరేగా ఉండేదేమో అని మాకు అనిపిస్తుంది. ఇరవై ఏళ్ల మాల్ అలా ఆగిపోయింది.

ఇప్పుడు ఒక స్టేషన్ అవతలికి పోదాం. బర్జుమాన్ మొదట్లో బాగా డబ్బున్నవాళ్ళ మాల్. 2000ల మధ్యలో దాన్ని పెంచి, అమెరికాలో పేరుమోసిన సాక్స్ ఫిఫ్త్ అవెన్యూ దుకాణాన్ని తెచ్చారు. మేము వచ్చిన కొత్తలో ఆ అద్దాల ముందు నిలబడి ఒక చొక్కా ధర చూసి, అది మా నెల జీతంలో ఎంత భాగమో లెక్క వేసుకుని నవ్వుకునేవాళ్ళం. లోపల అమ్మేవాళ్ళు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. బయటికి వస్తే ఒక వైపు కరామా, ఒక వైపు మన్‌ఖూల్. ఒక్కో ఫ్లాట్‌లో పది మంది బెడ్‌స్పేస్‌లో ఉండే చోట్లు అవి. మన ఇండియా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, చిన్న ఉద్యోగస్తులు. గోడకు అటు వజ్రాల గడియారం, ఇటు పప్పు, ఉప్పు కోసం తిరిగే జనం.

డబ్బున్నవాళ్ళు దుబాయ్ మాల్ వైపు పోయారు. బర్జుమాన్‌కు కూడా లామ్సీ లాంటి రోజులే వచ్చేవి. కానీ 2010ల మధ్యలో మాల్‌ను మార్చారు. సాక్స్ వెళ్ళిపోయింది. కార్ఫూర్ సూపర్ మార్కెట్ వచ్చింది, పద్నాలుగు తెరల వాక్స్ సినిమా వచ్చింది. హిందీ, దక్షిణాది సినిమాలు పడసాగాయి. కింద మెట్రో స్టేషన్ నేరుగా మాల్‌లోకే తెరుచుకుంటుంది, రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ అక్కడే కలుస్తాయి. ఇప్పుడు ఆదివారం సాయంత్రం వెళ్ళి చూడండి. చేతిలో ఉల్లిపాయల సంచితో మెట్రో ఎక్కేవాళ్ళు కనిపిస్తారు. అదే భవనం, అదే చిరునామా. గోడ బయట ఎవరున్నారో చూసి తలుపు అటు తిప్పారు, అంతే తేడా.

ఈ కథలో పెట్టుబడి పెట్టినవాళ్ళ సంగతి పేపర్లు రాస్తాయి. ఊడ్చేవాళ్ళ సంగతి ఎవరూ రాయరు, కనుక మేము రాస్తున్నాం.

సిరిసిల్ల దగ్గరి ఒక తమ్ముడు మా క్యాంపులోనే పై అంతస్తులో ఉండేవాడు. ఇంకో మాల్‌లో క్లీనింగ్ పని. ఒకరోజు మెస్‌లో తింటూ అన్నాడు. "అన్నా, మా మాల్ల జనం తక్కువైతున్నరు. పోయిన నెల పన్నెండు మందిమి ఉంటిమి, గిప్పుడు ఏడుగురమే. ఏమైతదంటవ్?" మేము షట్టర్లు ఎన్ని మూసి ఉన్నాయని అడిగాం. వేళ్ల మీద లెక్కపెట్టి పందొమ్మిది అన్నాడు. వాడి కంపెనీకి ఆ మాల్‌తో ఉన్న కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉందో కనుక్కోమన్నాం. జీతం చీటీలు, ఒప్పంద పత్రం, పతాకా నకలు ఒక కవరులో పెట్టుకోమన్నాం. మూడు నెలల తర్వాత మాల్‌ను కొత్తగా కట్టడానికి ఖాళీ చేయిస్తున్నారన్నారు. క్లీనింగ్ కాంట్రాక్టు రద్దయింది. అయిదేళ్ల సర్వీసుకు రావలసిన డబ్బు గురించి వాడి కంపెనీవాళ్ళు మొదట మాట దాటేశారు. కాగితాలు చేతిలో ఉన్నాయి కాబట్టి కార్మిక శాఖకు పోతానన్నాడు. రెండు వారాల్లో డబ్బు వచ్చింది. వాడితో పనిచేసిన ఇంకో ఇద్దరి దగ్గర కాగితాలు లేవు. వాళ్ళు ఏమీ లేకుండానే విమానం ఎక్కారు. వాళ్ళలో ఒకడికి ఇంటి దగ్గర చెల్లెలి పెళ్ళి అప్పు.

మాల్‌ను మళ్ళీ కడతారు. దానికి బ్యాంకు ఉంటుంది, ప్లాన్ ఉంటుంది, ముందర బొమ్మ గీసి బోర్డు పెడతారు. ఊడ్చిన మనిషికి బోర్డు ఉండదు.

ఆ తమ్ముడు ఇప్పుడు ఒక గోదాంలో పని చేస్తున్నాడు. ఆన్‌లైన్‌లో జనం కొన్న సరుకుకు పెట్టెలు కట్టడం. ఇది కూడా లోకమంతా జరుగుతున్నదే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో రాండాల్ పార్క్ మాల్ అని 1976లో తెరిచారు, అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్ద మాల్స్‌లో ఒకటి. 2009లో మూతపడింది, తర్వాత పడగొట్టారు. 2018లో అదే నేల మీద అమెజాన్ గోదాం వచ్చింది. మన దగ్గర 2017లో సూక్ డాట్ కామ్‌ను అమెజాన్ కొనుక్కుంది, 2019లో పేరు కూడా మార్చేసింది. మాల్‌లో నేల తుడిచిన చేతులే గోదాంలో టేపు అంటిస్తున్నాయి. "గీడ ఏసీ లేదన్నా, గని పని ఉన్నది" అంటాడు వాడు.

కాబట్టి మాల్స్‌లో, దుకాణాల్లో, ఫుడ్ కోర్టుల్లో పనిచేసే మనవాళ్ళకు మా మాట ఒకటే. మీ పని చోటును గుమాస్తా కళ్ళతో చూడండి. మీ వరుసలో షట్టర్లు మూస్తుంటే, ఎస్కలేటర్ రిపేరు పేరుతో నెలల తరబడి ఆపేస్తే, మీ బ్యాచిలో మనుషులను తగ్గిస్తే, మేనేజరు చెప్పేదాకా ఆగవద్దు. ఇక్కడి చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండినవాడికి గ్రాట్యుటీ వస్తుంది. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ పైన ప్రతి ఏడాదికి 30 రోజులది. బేసిక్ జీతం మీదే లెక్క, మొత్తం జీతం మీద కాదు. కనుక ఒప్పంద పత్రంలో బేసిక్ ఎంత రాశారో ఈరోజే చూసుకోండి. చదవడం రానివాళ్ళు పక్క గదిలో చదువుకున్నవాళ్ళను అడగండి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ప్రతి క్యాంపులోనూ మాలాంటి గుమాస్తా ఒకడు ఉంటాడు. రాత్రి మెస్ అయ్యాక పది నిమిషాలు కూర్చుంటే చాలు.

మాల్‌కు పోవడం మానమని మేము చెప్పడం లేదు. మేమూ పోతాం. చల్లగా తిరిగి రండి. వచ్చేటప్పుడు ఆ నేల తుడిచే మన తమ్ముడు కనిపిస్తే ఏ ఊరని పలకరించండి, కాగితాలన్నీ దగ్గర ఉన్నాయా అని ఒక మాట అడగండి.